చార్మినార్ పైకి తోడు

మొన్న శుక్రవారం ఆటోలో పోతుంటే చార్మినార్‌కు ఒకవైపు కర్రలు కట్టి సున్నం మరమ్మతు చేస్తున్నారు. ఆటో ఆయన తల తిప్పి, "ఐదొందల ఏండ్లదమ్మా గది" అన్నాడు. పదిహేనువందల తొంభై ఒకటిలో కట్టినదానికి ఐదువందలు ఎట్లా అవుతాయి? లెక్క సరిచేసేదాకా నాకు ఊపిరాడలేదు. ఆయన నవ్వి, "ఏదైతేంది, పాతదే గదా. పైకెక్కినవా ఎన్నడన్న?" అని అడిగాడు. ఎక్కాను, ఒక్కసారి.

డెబ్బైలనాటి మాట. మా ఆయన పోయి ఏడాది. పిల్లలు లేరు. అఫ్జల్‌గంజ్‌లో ఒక ఆఫీసులో లెక్కల గుమాస్తా పని, మలక్‌పేటలో అద్దె గది. వారమంతా ఎలాగో గడిచేది కానీ ఆదివారం గడిచేది కాదు. అందుకని ఆదివారానికొక కట్టడం అని పెట్టుకున్నాను. పురానీ హవేలీ గోడ వెంట నడిచాను, చౌమహల్లా మూసిన గేటు ముందు నిలబడి దాని మీది పెద్ద గడియారం చూశాను. ఏది ఎవరు ఎప్పుడు కట్టించారో ముందే చదువుకుని పోయేదాన్ని. తిరిగొచ్చాక చెబుదామంటే గదిలో బల్లి తప్ప వినేవాళ్ళు లేరు.

ఆ ఆదివారం చార్మినార్ మెట్ల దగ్గర కాపలా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒక్కదానివేనా? అకేలీ కో ఇజాజత్ నై. తోడుంటేనే పైకి." ఎందుకని అడిగాను. "దుంకుతున్నరమ్మా పైకెల్లి. నా నౌకరి పోతది." నేను కట్టడం చూడనీకి వచ్చిన అన్నాను. "అందరు గదే అంటరు."

పక్కన అరుగు మీద గాజుల మూట పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది. బురఖా ముసుగు పైకెత్తి నన్ను కాసేపు చూసి, లేచి వచ్చింది. "మా అక్కనే భాయ్. నేనొస్త." ఆయన బొట్టులేని నా నుదుటినీ ఆమె బురఖానూ మార్చి మార్చి చూశాడు. "మీ అక్కనా?" "హౌ. నీకేం ఫికర్?" ఆయనకు నవ్వొచ్చి చెయ్యి తీసేశాడు.

ఇరుకు చీకటి మెట్లు, పావురాల కంపు, పైకి రాగానే ముఖాన కొట్టే గాలి. అటు మక్కా మసీదు వాకిలి, ఇటు నాలుగు కమానులు. కట్టించినవాళ్ళనూ సంవత్సరాలనూ వరసగా చెప్పాను. ఆమె అన్నింటికీ "అచ్ఛా" అంటూ నా మణికట్టు గట్టిగా పట్టుకునే ఉంది. గాజులు చేసే చెయ్యి, గరుకుగా, వెచ్చగా ఉంది. ఆమెకు కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకుని నెమ్మదిగా దింపుకొచ్చాను.

కింద నేల మీద కాలు పెట్టాకే ఆమె చెయ్యి వదిలింది. "ఎవరు పోయిండ్రక్కా నీకు?" చెప్పాను. "మొకం చూస్తెనే సమజైంది. అందుకే పైన ఇడువలే నిన్ను." నాకు మండిపోయింది. "నేను చావనీకి రాలే. కట్టడం చూడనీకి వచ్చిన." "సరే, కోపం చెయ్యకు. చూసినవ్ గదా, ఇగ ఇంటికి పో" అని మూట ఎత్తుకుని లాడ్‌బజార్ జనంలోకి వెళ్ళిపోయింది. ఆమె పేరైనా నేను అడగలేదు. మళ్ళీ కనబడలేదు.

బస్సు కోసం నిలబడ్డాక కోపం దిగింది. ఏడాదిగా నన్ను ముట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే అని అప్పుడు తట్టింది. ఎవరి చెయ్యీ తగలకుండా గడిచే కాలం కూడా మనిషి వయసు లెక్కలోకే జమవుతుందని ఆనాటికి నాకు తెలియదు.