పెన్న గట్టు మీద డొల్ల పలకలు

గూడూరు నుంచి సంగం వెళ్ళాలనుకునేవాళ్ళు ఉదయం ఏడింటి ప్యాసింజరు ఎక్కితే నెల్లూరులో టిఫిను తిని, ఆత్మకూరు బస్సు పట్టుకుని, ఎండ ముదరకముందే దిగవచ్చు. నేను అట్లాగే వెళ్ళాను. ఊరు చూడటానికి కాదు, బేరానికి. బ్యారేజీ దిగువన పెన్న గట్టును ఆనుకుని మా అక్క రహమత్ ఇల్లు ఉంది. దాన్ని అమ్మి గూడూరు వచ్చేయాలని అక్కా బావా నిశ్చయించుకున్నారు. కొనే ఆయన ఆ మధ్యాహ్నమే వస్తున్నాడు. మాది పాత్రల అంగడి. మాటలు నేర్వకముందే బేరం నేర్చినవాణ్ణి కాబట్టి నన్ను పిలిచారు.

బస్సులో పక్క సీటు పెద్దాయన యాడికని అడిగాడు. చెప్పాను.

"దెయ్యం చేపలుండే కాడికా? కుక్క కూడా మూతి పెట్టదు వాటికి. ఆ గట్టు పక్కన ఇల్లు కొనేవాడెవడూ లేడిప్పుడు."

చేపల సంగతి బావ ఫోనులో చెప్పిందే. ఎవరో గాజు తొట్టిలో పెంచుకుని, తొట్టి చాలక ఏట్లో వదిలారట. కానీ బస్సులో అందరికీ తెలిసిన మాట కొనేవాడికి తెలియకుండా ఉంటుందా? మనసులో అనుకున్న ధరను అక్కడే కొంత దించుకున్నాను.

సంగంలో ఆటో అతను అరవై అన్నాడు. నలభైకి దించాను. సగం దారిలో ఆపి, "నలభైకి ఇంతే అన్నా" అన్నాడు. గెలిచిన బేరాన్ని మోసుకుంటూ మిగతా దారి ఎండలో నడిచాను.

బావ మస్తాన్ వాకిట్లో వల అల్లుకుంటున్నాడు.

"ఏం పడినాయి బావా?"

"చేపలు పడలా. నా వలే వాటి చేతిలో పడింది." ఆ చేపల ముళ్ళకు తెగిన వల కన్నుల్లోంచి వేళ్ళు బయటికి పెట్టి చూపించాడు.

గట్టు మీదికి తీసుకెళ్ళాడు. వరదలకు కోసుకుపోకుండా దానికి సిమెంటు పలకలు పరిచారు. మా అంగట్లో పళ్ళేలు సర్దినట్టు చక్కగా ఉన్నాయి. నీటి అంచున, పలకల నీడలో, నల్లటి చేపలు మూతితో సిమెంటును కరుచుకుని కదలకుండా ఉన్నాయి.

"కనపడేవి కొన్నే. సందుల్లోంచి దూరి, ఎనకాల మన్ను తవ్వి గుడ్లు పెడతాండాయి," అన్నాడు బావ.

గులకరాయి తీసుకుని పలకను కొట్టాను. పగులున్న గిన్నెను పట్టేది మేం అట్లాగే. పై వరుస గట్టిగా పలికింది. కింది వరుస డొల్లగా పలికింది. వంగి కొట్టుకుంటూ పోయాను. ఆ డొల్ల చప్పుడు మా అక్క పెరటి గోడ దాకా నాతోనే వచ్చింది.

"పైనుండే సోమశిల డ్యాము నుంచి నీళ్ళు వదిలితే?"

బావ పడమటి దిక్కు మబ్బుల వైపు చూశాడు.

నేను చేయగలిగింది చేశాను. కొనేవాడు గట్టు దిగకుండా పెరటి తలుపుకు అడ్డంగా బియ్యం మూటలు పేర్చి, "అక్కా, ఈ తలుపు తియ్యబాక" అన్నాను.

ఒంటిగంటకు కొనే ఆయన, పెంచలయ్య, కొడవలూరు నుంచి బండి మీద వచ్చాడు. ఈ పక్క పొలం కౌలుకు తీసుకున్న రైతు. బేరం నేను అందుకున్నాను.

"గవర్నమెంటు పలకలేసిన గట్టన్నా. మీ ఊళ్ళో ఉండాదా ఇట్లాంటిది?"

"మాకు ఏరే లేదు, గట్టెందుకబ్బా?"

నవ్వాడు. నవ్విన కొనుగోలుదారు సగం కొన్నట్టే. ఆయన ఏటి వైపు గదిలోకి తొంగి చూశాడు. "చల్లగా ఉండాది. మాయమ్మను ఈడ పడుకోబెడతా. లేచి నడవలేదు ఆమె."

 ఆ మాట విని అక్క మూటలు పక్కకు లాగడం మొదలుపెట్టింది. సైగలు చేసి చేసి నా కనుబొమలు నొప్పి పుట్టాయి. తలుపు తీసి, పచ్చడిబండ ఆయన చేతికిచ్చింది.

"మా నాయన మోగించి చూపించకుండా ఏ గిన్నెనూ అమ్మలేదన్నా. మీరూ ఆ పలకలు మోగించి చూసుకోండి."

ఆయన దిగి కొట్టాడు. మూడో దెబ్బకు సందులోంచి ఒక తోక కదిలి లోపలికి జారిపోయింది. తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, మజ్జిగ తాగాడు.

"నువ్వు బానే అమ్ముతావబ్బా," అన్నాడు నాతో. అక్కతో మాత్రం, "ఈ గదిలో మీరు కూడా పడుకోబాకండమ్మా" అని బండెక్కాడు.

నాలుగింటికి బయల్దేరుతూ అక్కను నాతో రమ్మన్నాను.

"మీ బావ ఇసక మూటలు నింపుతాండాడు. ఆయన్ని ఇడిచిపెట్టి యాడికి వచ్చేది?" అని, లోపలికి వెళ్ళి, పెళ్ళికి నాయన ఇచ్చిన ఇత్తడి బిందె తెచ్చింది. "సొట్ట పడింది. తీయించి నీ దగ్గరే ఉంచు."

తిప్పి చూశాను. ఎక్కడా సొట్ట లేదు. బిందెను చంకన పెట్టుకుని బయల్దేరాను.

వెళ్ళేవాళ్ళు వెళ్ళవచ్చు. బస్సులకు కొదవ లేదు. పైనుంచి చూస్తే ఆ గట్టు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. తిరుగు బస్సులో అలవాటు కొద్దీ బిందె మీద వేలితో కొట్టాను. ఖంగుమంది. ముందు సీటు ఆయన వెనక్కి తిరిగి, "మంచి సరుకు. ఎంతకిస్తావు?" అన్నాడు. అమ్మకానికి కాదన్నాను. వెనక అద్దంలో పడమర అంతా నల్లబడింది. గూడూరు వచ్చేదాకా బిందెను ఒళ్ళోంచి దించలేదు.