కన్నబాబు మొక్కిన జింక

మలేషియాలో తెలుక్ ఇంటాన్ దగ్గర పామాయిల్ తోటలో తూకం గుమాస్తాగా చేసి రిటైరైన కన్నబాబు, ముప్పై ఒక్కేళ్ళుగా ఒక తుపాకీని ఎంచుకుంటున్నాడు. కొనడం లేదు, ఎంచుకుంటున్నాడు. ఈలోగా ప్రభుత్వాలు మారాయి, తోట యజమానులు మారారు, ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. తుపాకీ మాత్రం తేలలేదు.

అసలు సంగతి ఒక మొక్కు. పెళ్ళాం దాలమ్మకు కాన్పు కష్టమైన రోజున, ఆసుపత్రి బయట నిలబడి అందరిలాగా అమ్మోరికి ఓ కోడిని మొక్కుకుంటే సరిపోయేది. కన్నబాబుది కంగారు మనిషి. "తల్లీ, ఇద్దరూ బతికితే నా సేత్తో జింకని కొట్టి తెస్తాను" అనేశాడు. అక్కడితో నోరు మూసుకున్నా బాగుండేది. వాళ్ళ నాన్న ఒకప్పుడు తోట దొర వెనకాల వేటకు తుపాకీ మోసినవాడు. ట్రిగ్గరు చుట్టూ ఉండే ఇనప పిడిని కిందికి తోసి పైకి లాగితే తూటా ఎక్కే లీవరు తుపాకీ అది. ఆ వైభోగం సమయానికి గుర్తొచ్చి, "దొర కాడున్న లీవరు తుపాకీ లాంటిదాంతోనే కొడతాను" అని కూడా కలిపాడు. పది నిమిషాల్లో ఆడపిల్ల పుట్టింది. యోగేశ్వరి అని పేరు పెట్టుకున్నారు. అమ్మోరు తన వంతు పని ముగించింది.

ఇక కన్నబాబు వంతు. ఈ దేశంలో మామూలు మనిషికి తుపాకీ లైసెన్సు దొరకడం గగనం. పైగా అడవిలో జింక వేట నిషేధం. అయినా ఎంపిక సాగుతున్నంతకాలం మొక్కు తప్పినట్టు కాదని ఆయన నమ్మకం. అందుకని శ్రద్ధగా ఎంచాడు. పాత పత్రికలు తిరగేశాడు, తర్వాత ఫోన్లో వీడియోలు చూశాడు. కౌలాలంపూర్లో తుపాకుల దుకాణం వాడు ఈయన్ని చూడగానే కుర్చీ వేసి, టీ తెప్పించి, లైసెన్సు మాట ఎత్తడం కూడా మానేశాడు. ఇంట్లో గొడుగు భుజానికి ఆనించి కిటికీలోంచి గురి చూసేవాడు. ఎడంచేతి వాటం మనిషి కాబట్టి లీవరు ఏ చేతికైనా ఒకటేనని మురిసిపోయేవాడు. వెర్రి ముదిరిందని వీధంతా అనుకుంది. అంతకంటే ఏమనుకుంటుంది?

ఈ ఏడు యోగేశ్వరి కడుపుతో సుంగై పెటాని నుంచి పుట్టింటికి వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగి ఉందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాటతో దాలమ్మకు తిండి సహించలేదు.

"ఏటయ్యా, ఆ మొక్కు సెల్లించకుండా నా కూతురు కాన్పుకి ఎల్తాదా? జింకల ఫారంలో మాంసం అమ్ముతున్నారు. కిలో కొని పట్టుకురా, నానే వండి పెడతాను."

"నా సేత్తో కొడతానన్నాను గదే!"

"అయితే ఆ తుపాకీ ఏదో తేల్చు!"

కన్నబాబు శుక్రవారం మధ్యాహ్నం తోటలోని అమ్మోరి గుడికి వెళ్ళాడు. అక్కడ చిన్నతల్లి అనే ముసలమ్మకు శుక్రవారాలు అమ్మోరు పూనుతుంది. ఈయన వరస రాగానే ఆవిడ వేపమండ విసిరి గద్దించింది.

"ఏరా, నా జింక ఏదిరా?"

"తుపాకీ సూస్తన్నాను తల్లీ."

"ఏ తుపాకీ?"

ముప్పై ఒక్కేళ్ళలో ఆయన్ని ఈ ప్రశ్న మనసుపెట్టి అడిగినవాళ్ళు లేరు. కన్నబాబు పొంగిపోయాడు. థర్టీ-థర్టీ తూటాకు దూరం ఎక్కువన్నాడు, ఫార్టీఫోర్‌కు దెబ్బ గట్టిదన్నాడు. బారెల్ కింది గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి కాబట్టి వాటి మొన వాడిగా ఉండకూడదన్నాడు. బారెల్ పొడవు ఇరవై అంగుళాలా, ఇరవై నాలుగా అన్న దగ్గరే పద్దెనిమిదేళ్ళుగా ఆగిపోయానని ఒప్పుకున్నాడు. అమ్మోరు ఊగడం మానేసి విన్నది.

"ఇరవై నాలుగొద్దురా. మన అడివిలో తీగలికి తగులుకుంటాది."

"ఫార్టీఫోరే మంచిది-లా," అని గుడి కమిటీ కార్యదర్శి గణేశన్, ఈ దేశపు అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి, వరసలోంచి అన్నాడు. అమ్మోరు కొరకొరా చూస్తే ఊరుకున్నాడు.

"థర్టీ-థర్టీ, ఇరవై అంగుళాలు. తేలిపోయింది గదా," అంది అమ్మోరు. "మరి కొడతావేట్రా?"

కన్నబాబు కూలబడిపోయాడు. తేలకూడదనే కదా ఇన్నేళ్ళూ తేల్చనిది.

"కొట్టలేను తల్లీ! కోడిని కోస్తంటేనే సూడలేను. ఆ దినం బయమేసి నోటికొచ్చిందల్లా అనీసినాను. నన్నేటైనా సెయ్యి, నా పిల్లనొగ్గీ."

అరవై రెండేళ్ళ మనిషి అందరి ముందూ వెక్కి వెక్కి ఏడుస్తుంటే చూసేవాళ్ళకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

"జింకని నానడిగినానేటిరా?" అమ్మోరి గొంతు తగ్గింది. "కోడినైనా అడిగినానా? నాను బతికించిన గుంటని ఒక్కనాడైనా నాకు సూపించినావా?"

అది నిజం. ఉత్సవం వచ్చిన ప్రతిసారీ కన్నబాబు ఒక్కడే వచ్చేవాడు. చిన్నప్పుడు పిల్లకు జ్వరమన్నాడు, తర్వాత పరీక్షలన్నాడు, పెళ్ళి కూడా టౌన్లో ఇంకో గుడిలో జరిపించాడు. ఎందుకని దాలమ్మ అడిగినప్పుడల్లా తుపాకీ మాట ఎత్తి తప్పించుకున్నాడు.

ఆదివారం పొద్దున కారులో కూతుర్ని తీసుకొచ్చాడు. యోగేశ్వరి నడుం పట్టుకుని మెల్లగా మెట్లెక్కింది. చిన్నతల్లి మామూలు మనిషిగా వాకిలి ఊడుస్తూ ఉంది. చీపురు పక్కన పడేసి కుంకుమ తెచ్చి, అమ్మాయి నుదుట పెట్టింది. ఎవరికీ పూనకం రాలేదు. పిల్లకు ఏమీ కాలేదు. కన్నబాబు మాత్రం గడప దగ్గరే నిలబడి, కూతురి పైట చెంగు గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

"నాన్నా, ఇన్ని ఇయర్స్ ఎందుకు నన్ను ఇక్కడికి తేలేదు?" అంది యోగేశ్వరి, వచ్చీరాని తెలుగులో.

"నిన్ను సూస్తే అమ్మోరికి మొక్కు గురుతొస్తాదని బయం-లా," అన్నాడు కన్నబాబు. "జింక బదులు నిన్ను ఉంచీసుకుంటే నానేటి సేద్దును?"