మగ్గం గుంటలో ఇద్దరు అభ్యర్థులు

నిజం చెప్పండి, పోయిన ఎన్నికల్లో మీరు ఓటు వేసింది అభ్యర్థి చేసిన పనికా, ఆయన జుట్టు రంగుకా? సిగ్గుపడకండి. కుర్రతనంలో నేనూ జుట్టు రంగు చూసి ఓటు వేయమని ఊరంతా తిరిగి చెప్పినవాణ్ణే. మా నాన్న తెల్లజుట్టుకు వేయమనేవాడు, నేను నల్లజుట్టుకు వేయమనేవాణ్ణి, అంతే తేడా. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నాకు తెలియని విషయం ఒకటి ఉందని ఎవరైనా అంటే, అదేమిటో చెప్పమని వాదనకు దిగే వయసు. విజయవాడలో డిగ్రీ చదువుతూ ప్రతి ఆదివారం ఒక గ్రంథాలయం మేడ మీద జరిగే హేతువాద చర్చలకు వెళ్ళేవాణ్ణి. ఎవరు చెప్పారని చూడకు, ఏం చెప్పారో చూడు అన్నది అక్కడి మొదటి పాఠం. ఆ పాఠాన్ని ఇప్పటికీ వదల్లేదు. కాకపోతే దాన్ని మొట్టమొదట ప్రయోగించింది నాకు అన్నం పెట్టే మనుషుల మీద. (జాతకాలు లేవు, దిష్టి లేదు అని కంచం ముందు కూర్చుని ఉపన్యసిస్తుంటే, "పెరుగు ఉందా, అదీ లేదా?" అని మా నాయనమ్మ గిన్నె వెనక్కి లాక్కునేది.)

హనుమాన్ జంక్షన్‌కి అరగంట దూరంలో ఉన్న మా ఊళ్ళో సగం ఇళ్ళు నేతగాళ్ళవి. ఆ ఏడు పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఒక పక్క డెబ్బైకి దగ్గరపడ్డ పాత ప్రెసిడెంటు గారు. (సర్పంచిని మావైపు ప్రెసిడెంటు అనే అంటారు.) మూడుసార్లు గెలిచినవాడు, వయసులో ఉండగా మగ్గం నేసినవాడు. ఇంకో పక్క మా మేనత్త కొడుకు, అంటే మా బావ. ఇరవై ఆరేళ్ళు, కంప్యూటర్ సెంటర్, కొత్త మోటారుసైకిలు. వీళ్ళిద్దరి మధ్యా ఉన్న అసలు సమస్య మా వీధి మురుగుకాలవ. అది పూడిపోయి ఏళ్ళయింది. వానలు పడితే ఆ నీళ్ళు ఇళ్ళలోకి ఊరి, మగ్గం గుంటల్లో నిలిచేవి. నేతగాడు కాళ్ళు గుంటలో పెట్టుకుని కూర్చుంటేగాని మా మగ్గం ఆడదు. అందుకని మా నాన్న రోజూ పొద్దున్నే బకెట్‌తో నీళ్ళు తోడి, అడుగున ఇటుకలు పేర్చుకుని, వాటి మీద కాళ్ళు పెట్టి నేసేవాడు. సాయంత్రానికి ఆయన పాదాలు నానిపోయి తెల్లగా ముడతలు పడి ఉండేవి. మళ్ళీ వానలు వచ్చేలోపు కాలవ బాగుపడకపోతే మగ్గం తీసేయక తప్పదని ఇంట్లో అనుకుంటున్నారు.

అయినా మా నాన్న ఓటు పాత ప్రెసిడెంటుకే. "అనుభవం ఉన్న మనిషిరా" అనేవాడు. "ఆయన జుట్టంతా ఊరి కోసమే నెరిసింది" అని నాయనమ్మ అందుకునేది. "జుట్టు నెరవడానికి ఏ పనీ చేయక్కర్లేదు నాయనమ్మా, ఊరికే కూర్చున్నా నెరుస్తుంది" అనేవాణ్ణి నేను. ఈ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, కరపత్రంలో అచ్చు వేయించాను. బావ ప్రచారమంతా నా చేతుల్లోనే ఉంది. ముహూర్తం చూడకుండా, కావాలనే రాహుకాలంలో నామినేషన్ వేయించాను. మా మేనత్త కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "వీడు నాస్తికుడైతే వీణ్ణే నిలబడమనండి, నా కొడుకెందుకు?" అంది. ఆవిడ మాటలో తర్కం ఉందని అప్పుడు నాకు తోచలేదు.

పోలింగుకు నాలుగు రోజుల ముందు, వానలు వెలిసి ఎండ కాసిన ఒక ఉదయం, ఊరేగింపు పెట్టాను. టైము నేనే లెక్కగట్టాను. ఎండ పొడ రాగానే మా వీధిలో పడుగులు వేస్తారు. నిలువు దారాలన్నీ వీధి పొడవునా చాపి, రెండు చివరలా కర్రలకు బిగించి, కుంచెతో గంజి పట్టిస్తారు. ఆరేదాకా ఇంటిల్లిపాదీ అక్కడే. ఎవరూ కదలరు, ఉపన్యాసం వినక తప్పదు. పడుగు పరిచిన వీధిలోకి సైకిలు మీద వచ్చేవాడు కూడా దిగి, చక్రం ఎత్తిపట్టుకుని గోడవారగా నడుస్తాడు. ఇది మా ఊళ్ళో చంటిపిల్లలకూ తెలుసు. అందుకే ప్రత్యేకంగా చెప్పాలని నాకు తోచలేదు. హనుమాన్ జంక్షన్ నుంచి బావ పిలిపించిన స్నేహితులకు మాత్రం తెలియదు.

ఇరవై బళ్ళు హారన్లు కొట్టుకుంటూ మలుపు తిరిగాయి. ముందున్నవాడికి పడుగు కనపడింది. బ్రేకు కొట్టాడు, బండి జారింది, వెనకబండి దానికి గుద్దుకుంది. నాలుగు బళ్ళు ఆ దారాల్లోకి వెళ్ళి, వలలో చేపల్లా చిక్కుకున్నాయి. వెనక సీటు మీద దండం పెడుతూ నిలబడ్డ మా బావ ఎగిరి గంజి బానలో పడ్డాడు. ఇంతకీ ఆ పడుగు ఎవరిది? మాదే. కుంచె పట్టుకుని నిలబడి ఉంది మా నాయనమ్మ.

"రాహుకాలంలో నామినేషన్ వేస్తే ఇంతే మరి!" అని ఎవరో అరిచారు. "రాహువు కాదండీ, నేనే! తప్పంతా నాదే!" అని నేను పెద్దగా అరిచాను. (సిద్ధాంతం కోసం అంత ఆనందంగా తప్పు ఒప్పుకున్నవాడు జిల్లాలో ఇంకొకడు ఉండడు.)

అప్పుడు వీధి చివరి టీ కొట్టు నుంచి పాత ప్రెసిడెంటు గారు పరుగెత్తుకొచ్చాడు. "ఎవడూ బండి కదపొద్దు! లాగితే ఉన్న పోగులు కూడా తెగుతాయి. గంజి ఆరిపోతోంది, నీళ్ళు చల్లండర్రా! ఏయ్ కళ్ళద్దాల బాబూ, బండి దిగు, ఇలా వచ్చి కూర్చో." పై కండువా తీసి నడుముకు చుట్టుకుని, నేల మీద కూర్చుని, తెగిన పోగుల కొసలు వెతికి అతకడం మొదలెట్టాడు. బళ్ళ మీద వచ్చిన కుర్రాళ్ళందరి చేతా అతికించాడు. మధ్యాహ్నానికి పడుగు ముప్పాతిక వంతు బతికింది. "చూశావా, అనుభవమంటే అదీ" అన్నాడు మా నాన్న. వీధంతా ఆయన వైపు తిరిగిపోయింది. నా కరపత్రాలు జేబులోనే ఉండిపోయాయి.

అంతా అయిపోయిందనుకున్నాను. నాయనమ్మ కుంచె కింద పెట్టింది.

"ఏమయ్యా ప్రెసిడెంటూ, పోగు తెగిందనగానే పరుగెత్తుకొచ్చావు, చల్లగా ఉండు. మరి మా గుంటలో నీళ్ళు నిలుస్తున్నాయంటే ఒక్కనాడూ రాలేదేం?"

"కాలవ సంగతి నాకు తెలీదా అమ్మా! పదిహేనేళ్ళ నుంచీ తెలుసు."

"అదేగా నేనూ అనేది."

ఆయన కండువా సర్దుకున్నాడు. సందు దొరికిందని మా బావ గంజి కారుతూనే ముందుకొచ్చాడు. "నేను గెలిస్తే అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ వేయిస్తా అమ్మమ్మా!"

"గుంట ఎంత లోతుంటుందో చెప్పరా ముందు."

"ఒక అడుగు?"

"నీ మొహం! కంప్యూటర్‌లో చూశావా? రండి ఇద్దరూ. దిగి చూద్దురుగాని."

వీధి మొత్తం మా ఇంటి గుమ్మం దగ్గర మూగింది. పడుగు హడావుడిలో ఆ పూట మా నాన్న గుంటలో నీళ్ళు తోడనే లేదు. పౌరుషం కొద్దీ ముందు పాత ప్రెసిడెంటు గారు దిగాడు. నీళ్ళలో ఇటుక కదిలింది, మోకాలు పట్టేసింది, పైకి రాలేకపోయాడు. ఎత్తడానికి మా బావ దిగాడు. ఒక మనిషి కాళ్ళకోసం తవ్విన గుంట అది, పైగా మా బావ బొద్దుగా ఉంటాడు. ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, మోకాళ్ళ లోతు మురుగునీళ్ళలో ఇరుక్కుపోయారు.

"కాస్త చెయ్యివ్వమ్మా" అన్నాడు పెద్దాయన.

నాయనమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "కాలవ ఎప్పుడు తవ్విస్తారో చెప్పండి, ఇస్తాను."

"గెలిచాక చూద్దాం..."

"గెలిచాకే పైకి రండి అయితే."

"వచ్చే వానల్లోపు తవ్విస్తానమ్మా!"

"నెలకో పేరుంటుందిగా? ఏ నెలో చెప్పండి."

"వైశాఖం! వైశాఖం!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఊరి అభ్యర్థులు ఒక్క మాట మీద నిలబడటం అదే మొదటిసారి. "ఒరే, గోడ మీద రాయరా. ఇద్దరి పేర్లూ రాయి" అంది నాయనమ్మ నాతో. రాశాను, బొగ్గుతో. ఆ తర్వాతే చెయ్యిచ్చింది.

ఎన్నికల్లో పెద్దాయనే గెలిచాడు. కానీ మా బావ వారం వారం ఆయన ఇంటికి వెళ్ళి, "గోడ మీద వైశాఖం అని ఉందండీ" అని గుర్తు చేసేవాడు. ఏ ఆఫీసులో ఎవరిని అడగాలో పెద్దాయనకు తెలుసు, తిరిగే కాళ్ళు మా బావకున్నాయి. వైశాఖంలో కాలవ తవ్వారు. ఆ వానలకు మా నాన్న పొడికాళ్ళతో నేశాడు. తర్వాతి ఎన్నికల్లో మా బావ నిలబడ్డప్పుడు, మనవడని చూడకుండా నాయనమ్మ అతన్ని మళ్ళీ గుంటలోకి దింపి, ఈసారి వీధి కుళాయికి మాట తీసుకుంది. అతను గెలిచాడు.

ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. (ఊరికే కూర్చున్నా నెరుస్తుందని చెప్పానుగా.) మొన్న ఆదివారం అదే గ్రంథాలయం మేడ మీద ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, మీ వయసువాళ్ళు రాజకీయాల్లోంచి తప్పుకోవాలండీ" అంది. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఆ చెయ్యి ఊపే తీరు, ఆ మెడ ఎత్తే తీరు ఇరవై రెండేళ్ళప్పటి నాదేననిపించి నవ్వొచ్చింది. "తప్పుకుంటానమ్మా. మీ వీధి కాలవ ఎక్కడ పూడిందో చెప్పు" అన్నాను. తెలియదంది. "మీకు మీ వీధిది తెలుసాండీ?" అని వెంటనే అడిగింది. నాకూ తెలియదు. మర్నాడు పొద్దున్నే చెప్పులు చేత్తో పట్టుకుని ఇద్దరం రెండు వీధులూ తిరిగొచ్చాం.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఈసారి ఎవరైనా దండం పెడుతూ మీ గుమ్మంలోకి వస్తే వయసు అడగకండి. ఎన్నిసార్లు గెలిచాడో కూడా అడగకండి. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మీ వీధిలో నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో చూపించండి. దిగమనండి. పని ఏ నెలలో చేస్తాడో మీ గోడ మీద మీ చేత్తో రాసుకోండి. అప్పటిదాకా పైకి రావడానికి చెయ్యివ్వకండి.