దత్తాత్రేయగారి కంటికి ఆనని గొర్రెలు

దత్తాత్రేయగారి కంటికి ఏదీ ఆనదు. అమెరికాలోని ఒరెగాన్ తీరంలో శీతకాలమంతా కురిసే వానని చూసి కూడా "ఇదీ ఒక వానేనా? ధైర్యంగా పడదు, మర్యాదగా ఆగదు" అని ఈసడించుకునే మనిషి. ఆ వానలోనే ఏళ్ళ తరబడి గొర్రెలు మేపుతున్నారు.

ఆయన పక్క పొలం కొనడం రాగిణి కర్మ. 2009లో పోర్ట్‌లాండ్‌లో ఉద్యోగం ఊడాక, ఇంకో ఆఫీసు గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకుని ఓ చిన్న మంద కొనుక్కుంది. మొదటిరోజే ఆయన కంచె మీద మోచేతులు ఆన్చి నిలబడ్డారు.

"ఏంటమ్మా ఇవి?"

"గొర్రెలు అంకుల్."

"అవునా! తడిసిన దిండ్లనుకున్నాను."

అది మొదలు రోజూ కాఫీ కప్పుతో హాజరు. ఆమె బూట్లు డాన్స్ క్లాసుకి పనికొస్తాయట. ఆమె షెడ్డు వానని లోపలికి పిలిచి కూర్చోబెడుతుందట. "పల్లంలో మేపుతావేం? బాతులనుకున్నావా? గట్టు మీదికి తోలు!" రాగిణి పళ్ళు కొరుక్కుంటూ తోలేది. ఆయన మాట ప్రతిసారీ నిజం కావడం ఇంకా ఒళ్ళు మండించేది.

జనవరికి పొలమంతా బురదైంది. గొర్రెల గిట్టలు నాని కుళ్ళు పట్టాయి. కొన్ని మోకాళ్ళ మీద వంగి మేస్తున్నాయి. మందు రాసినా, ఆరబెట్టడానికి జానెడు పొడి నేల లేదు. రాగిణి షెడ్డులో కూర్చుని కాసేపు ఏడ్చి, మాంసం దుకాణాలకి గొర్రెలు సప్లై చేసే రాజ్‌కి ఫోన్ చేసింది.

రాజ్ వచ్చాడు. ట్రక్ దిగకుండా అద్దం దించి చూశాడు.

"అన్నీ వేస్ట్ అండీ రాగిణిగారూ. ఏదో జాలిపడి తీసుకెళ్తా, అంతే."

"ఎవడ్రా వేస్టన్నది?"

దత్తాత్రేయగారు కంచె దాటి వచ్చేస్తున్నారు. "గిట్ట పట్టుకుని చూశావా? పళ్ళు చూశావా?"

రాగిణి తెల్లబోయింది. "అంకుల్, రోజూ మీరే కదా..."

"నేనంటాను! రోజూ వానలో నిలబడి చూసి అంటాను. వీడెవడు, హీటర్ వేసుకుని కూర్చుని అనడానికి? ట్రక్ తిప్పవయ్యా!"

రాజ్ కంగారుగా తిప్పాడు. ట్రక్ బురదలో దిగబడింది. దత్తాత్రేయగారు దాన్ని తన ట్రాక్టర్‌తో రోడ్డు దాకా లాగి, దారి పొడుగునా రాజ్ డ్రైవింగ్‌ని తిట్టి, తిరిగొచ్చారు.

"చూస్తావేం? తోలు మా షెడ్డుకి."

"మీ గొర్రెలకి అంటుకుంటే?"

"మధ్యలో అడ్డు కట్టేశాగా!" అని నాలుక కరుచుకున్నారు. "అదే... కడతాను."

మందని తోలుకెళ్ళి ఆయన షెడ్డు తలుపు తీయగానే రాగిణి గుమ్మంలోనే ఆగిపోయింది. సగం ఖాళీ చేసి, బలమైన అడ్డు కట్టి ఉంది. నేలంతా మందంగా పొడి గడ్డి. వాకిట్లోనే గిట్టలు ముంచడానికి మందునీళ్ళ తొట్టి.

"ఇదంతా ఎప్పుడు చేశారంకుల్?"

ఆయన అప్పటికే తన మంద వైపు తిరిగారు. అడ్డుకి అటువైపు ఇరుగ్గా నిలబడ్డ తన గొర్రెలు కొత్తవాటిని చూసి గోలపెడుతుంటే, ఆయన వాటి మీద విరుచుకుపడుతున్నారు.

"చుట్టాలొస్తే పలకరించే పద్ధతి ఇదేనా? సిగ్గులేని మంద!"

రాగిణి నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది. ఆమె వెనక, అన్నిటికంటే ఎక్కువ కుంటే గొర్రె గడ్డిలో కాళ్ళు ముడుచుకుని హాయిగా పడుకుంది.