ఇనుప చెయ్యి, ఎనిమిదో స్టేజీ

హుజూర్‌నగర్‌లో మెహమూద్ రెండు రకాల జనానికి తెలుసు. టీవీ చెడిపోయిన ఇంటివాళ్లకు మెకానిక్‌గా, బడి ఎగ్గొట్టిన పోరగాళ్లకు వీడియో గేముల షాపు ఓనరుగా. నాకు ఇంకో రకంగా తెలుసు. బస్టాండు రోడ్డులో అతని షాపు పక్కనే నాది ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణం, మధ్యన ఉన్నది ఒక్క రేకు గోడ. నా పేరు సైదులు. మెహమూద్ గురించి ఇంకెవరైనా చెబితే అతని పనితనంతో మొదలుపెడతారు. నేను ఆటతో మొదలుపెడతాను. అతని సంసారాన్ని మింగింది ఆ ఆటే, ఆడింది మేమిద్దరమే.

1994లో అతను హైదరాబాదు పోయి పాత కలర్ టీవీ, గేము డబ్బా, పసుపుపచ్చ క్యాసెట్టు ఒకటి తెచ్చాడు. క్యాసెట్టు మీద తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలని రాసి ఉంది. లోపల చూస్తే నాలుగే, వాటికే పేర్లు మార్చి మార్చి పెట్టారు. "ఎలక్షన్ల మాటలు నయం సైదులూ, అండ్ల సగమన్న ఉంటయి" అన్నాడు మెహమూద్. ఆ నాలుగింటిలో ఒక్కటే ఆడబుద్ధయ్యే ఆట.

అందులో ఇంకో లోకం ఉంటుంది. ఆకాశంలో ఇద్దరు చంద్రులు. పట్నాన్నంతా ఇనుప సాలీళ్లు ఆక్రమించుకున్నాయి. ఒక చెయ్యి ఇనుముతో చేసిన సిపాయి, అతనికి తోడు ఇంకొకడు, ఎనిమిది స్టేజీలు దాటి ఆ సాలీళ్లను పుట్టించే పెద్ద మిషన్‌ను బద్దలు కొట్టాలి. అసలు పేరు ఇంగ్లీషులో ఏదో ఉండేది. మావాళ్లు మాత్రం ఇనుప చెయ్యి అన్నారు, అదే ఖాయమైంది.

ఉన్నమాట చెప్పాలి, మంచి ఆట. మిగతా ఆటల్లో బటన్ నొక్కితే బొమ్మ కాసేపు ఆలోచించుకుని ఎగిరేది. ఇందులో నొక్కీ నొక్కగానే ఎగిరేవాడు. చచ్చిన ప్రతిసారీ తప్పు మనదేనని తెలిసేది, అందుకే కోపం ఆట మీదికి పోయేది కాదు, ఇంకోసారి ఆడాలనిపించేది. మూడో స్టేజీ సొరంగంలో వచ్చే సంగీతాన్ని మా ఊళ్లో బ్యాండు మేళంవాళ్లు కూడా నేర్చుకున్నారు. ఇక లోపాలంటే, ముందు నడిచేవాడు ఆగకపోతే తెర జరిగిపోయి వెనక ఉన్నవాడు ఉత్త పుణ్యానికే చచ్చేవాడు. ఆ ఒక్క దానికి ఎందరో దోస్తులు మాటలు మానుకున్నారు. ఏడో స్టేజీ ఐదోదే, రంగు మార్చి మళ్లీ మనకు అంటగట్టారు. అన్నిటికంటే పెద్ద లోపం, ఎక్కడిదాకా ఆడామో దాచిపెట్టుకునే ఏర్పాటు లేదు. ఆపితే మళ్లీ మొదటి స్టేజీ. మా ఊళ్లో రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి కరెంటు పోయేది. అందుకని ఎనిమిదో స్టేజీ చివర ఏముందో చూసిన మొగోడు మా ఊళ్లో లేడు.

ఆటకు మూడు ప్రాణాలు ఇచ్చేవాళ్లు. పుస్తకాల్లో ప్రాణం, మా నోట్లో పానం. షాపులో రోజంతా అదే మాట. "ఒక పానం పోయింది." "పోతె పోనీ, ఇంకోటుంది గద, ఆడు." మెహమూద్ టీవీ బోర్డు మీద టంకం పెడుతూ తలెత్తకుండానే రోజుకు వందసార్లు ఈ జవాబు చెప్పేవాడు.

అతని భార్య జులేఖాది మోత్కూర్. మాట మెత్తన, లోపల సూదిమందు. నిద్రలో కూడా మెహమూద్ వేళ్లు బటన్లు నొక్కుతాయట, ఆమె మణికట్టు మీద. "అన్నా, నా చెయ్యే ఇనుప చెయ్యి అనుకుంటున్నరు మీ దోస్తు" అని ఒకసారి నాతో అన్నది. అంటూ నవ్వింది. అతనంటే ఆమెకు ప్రాణం, అది చూసేవాళ్లందరికీ తెలిసేది. పెళ్లయిన రెండేళ్లకు కడుపు పండింది. మెహమూద్ టీవీ డబ్బా చెక్కలతో ఉయ్యాల తొట్టె చేయడం మొదలుపెట్టాడు.

1995 ఆగస్టులో ఒక గురువారం. ఏడో నెల నడుస్తోంది. ఆ పొద్దున నాకు గిరాకీ లేదు, వెళ్లి రెండో రిమోట్ పట్టుకున్నాను. ఎన్నడూ లేనిది ఆ రోజు చేతులు కుదిరాయి. పదకొండు కాకముందే ఎనిమిదో స్టేజీలో అడుగుపెట్టాం. వెనక పది పదిహేను మంది ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

అప్పుడే నాగులమ్మ వచ్చింది. ఆమె దవాఖానలో ఊడ్చే మనిషి. మెహమూద్ తల్లి బషీరున్నీసా పంపిందట. "మెహమూదూ, నీ పెండ్లానికి నొప్పులు లేచినయి. దవాఖానకు తోలుకొచ్చిండ్రు. జర జల్ది రమ్మంటుంది మీ అమ్మ."

మెహమూద్ విన్నాడు. వినలేదని అనడానికి లేదు, నేను పక్కనే ఉన్నాను. "పది నిమిషాల్ల వస్తున్న అని చెప్పు" అన్నాడు. పన్నెండింటికి ఎలాగూ కరెంటు పోతుంది, అప్పుడు పోవచ్చని అతని లెక్క. నా లెక్కా అదే. నేను లేచి నడువు అని ఉండొచ్చు. అనలేదు. ఆ రోజు పన్నెండైంది, కరెంటు పోలేదు.

పన్నెండుంబావుకు పెద్ద మిషన్ ముందు నా సిపాయి చచ్చాడు. సరిగ్గా అదే సమయానికి వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "మెహమూదూ, ఒక పానం పోయింది."

"పోతె పోనీ, ఇంకోటుంది గద" అన్నాడు మెహమూద్, తల తిప్పకుండా.

నా కంటికి వాకిట్లో చీర కొంగు కనిపించింది. ఎవరో పోరగాని తల్లి, కొడుకును ఈడ్చుకుపోవడానికి వచ్చిందనుకున్నాను. అంతే అనుకున్నాను, మళ్లీ తెర వైపు తిరిగాను. ఆ గొంతు నాగులమ్మదేనని, జవాబు విని ఆమె వెళ్లిపోయిందని తర్వాత చెప్పారు.

ఒకటిన్నరకు మిషన్ పేలింది. ఇద్దరు చంద్రుల కింద సిపాయి నిలబడ్డాడు, ఇంగ్లీషులో రెండు లైన్లు వచ్చాయి, తెర నల్లబడి మళ్లీ మొదటి స్టేజీ మొదలైంది. ఇన్నాళ్ల ఆరాటానికి దక్కింది అంతే. అయినా అందరూ మెహమూద్‌ను భుజాల మీదికెత్తారు. అతను నవ్వుకుంటూ దవాఖానకు పోయాడు. నవ్వుకుంటూ పోయాడన్నది నేను మరిచిపోలేను.

ఆడపిల్ల. పుట్టేసరికే ఊపిరి లేదు. కొడుకు అన్నాడని నాగులమ్మ తెచ్చిన మాట విని బషీరున్నీసా ఇక ఎదురుచూడలేదు. తన తమ్ముడు మొయినుద్దీన్ చేతుల్లో బిడ్డను పెట్టి, పూడ్చి రమ్మని ఖబరస్తాన్‌కు పంపించింది. మెహమూద్ చేరేసరికి మొయినుద్దీన్ కాళ్లు కడుక్కుంటున్నాడు. నాగులమ్మ తప్పేం లేదు. ఆమె విన్నది విన్నట్టు చెప్పింది. మంచం మీద జులేఖా కూడా విన్నది: పోతే పోనీ, ఇంకోటుంది. బిడ్డ పోతే పోయింది, పెండ్లాం ఉంది కదా అన్నట్టు. లేదా ఇంకో బిడ్డను కనొచ్చు అన్నట్టు. ఎటు తిప్పినా ఆ మాట కోస్తుంది.

నడవగలిగిన మరునాడే జులేఖా తల్లిగారింటికి పోయింది. మెహమూద్ ఉత్తరాలు రాశాడు, పెద్దమనుషులను పంపాడు, జవాబు రాలేదు. నాలుగు నెలలు షాపు తీయలేదు. ఒకరోజు నా దుకాణానికి వచ్చి కూర్చున్నాడు. గడ్డం పెరిగింది.

"సైదులూ, నేను ఆమెను అనలే. ఆటల మాట అది. ఆమె ఎన్నడూ ఆట చూడలే గద, ఎట్ల తెలుస్తది? ఒక్కసారి ఆడిపిస్తే సమజైతది."

మెకానిక్ బుద్ధి. తీగ ఎక్కడ తెగిందో చూపిస్తే చాలు, బొమ్మ వస్తుందనుకున్నాడు. ఏమని ఆపను? గేము డబ్బా సంచిలో పెట్టుకుని ఇద్దరం మోత్కూర్ పోయాం.

జులేఖా తల్లి లాడ్లీ బేగం మమ్మల్ని వాకిట్లోంచే పంపేసేది, జులేఖానే లోపలికి రానిమ్మన్నది. సన్నబడింది. నేనున్నానని తెలుగులోనే మాట్లాడింది. మెహమూద్ ఆ ఇంట్లోని బ్లాక్ అండ్ వైట్ టీవీకి తీగలు కలిపాడు. రిమోట్ ఆమె చేతికిచ్చాడు. ఎందుకో ఆమె కాదనలేదు. మొదటి సాలీడుకే ఆమె సిపాయి చచ్చాడు.

నేనే అన్నాను. "చెల్లె, దీన్ని పానం పోయింది అంటరు. ఇంక రెండున్నయి."

ఆమె తెర వైపే చూసింది. బొమ్మ మళ్లీ పుట్టింది. మళ్లీ చచ్చింది. "అయితే నాగులమ్మతోని మీరన్నది గిదా?"

"గిదే. అల్లా మీద ఒట్టు. ఆ మాట అన్నప్పుడు ఆమె నా వెనకున్నదని నాకు తెల్వది."

ఆమె కళ్లలోంచి నీళ్లు కారాయి. "ఇన్ని దినాలు నన్నే అన్నరనుకున్న" అన్నది. లాడ్లీ బేగం చప్పుడు కాకుండా లేచి చాయ్ పెట్టడానికి పోయింది. మెహమూద్ ముఖంలోకి నాలుగు నెలల తర్వాత రక్తం వచ్చింది. అయిపోయింది, ఇల్లు నిలబడింది అనుకున్నాను. నా గుండె కూడా తేలికైంది.

జులేఖా కొంగుతో ముఖం తుడుచుకున్నది. "నాగులమ్మ రెండుసార్లు వచ్చింది గద. మొదటిసారి పానం మాటనే లేదు. నొప్పులు లేచినయి, రమ్మన్నది." అప్పటిదాకా మెహమూద్‌ను 'మీరు' అని పిలిచిన మనిషి, "అప్పుడెందుకు రాలేదు నువ్వు?" అన్నది.

నేను అందుకున్నాను. "షాపు నిండ జనముండ్రి చెల్లె, ఇడిసిపెట్టి వస్తే..."

మెహమూద్ నా చెయ్యి పట్టి ఆపాడు. అతనికి అబద్ధం చేతకాదు, అదొక్కటే అతని దగ్గర మిగిలిన మంచి. "ఎనిమిదో స్టేజీల ఉన్న. ఆపితే మళ్ల మొదటికెల్లి ఆడాలె. అందుకని రాలే."

ఆమె లేచి తీగలు ఊడదీసి, చుట్టలు చుట్టి సంచిలో పెట్టింది. సంచి తెచ్చి అతని ముందు పెట్టింది. చాయ్ వచ్చింది, ఎవరం తాగలేదు.

గడప దాటాక మెహమూద్ ఆగాడు. నాలుగు నెలలుగా తల్లిని గానీ, మేనమామను గానీ, నన్ను గానీ అడగని మాట అడిగాడు. "జులేఖా, బిడ్డ ఎవరి తీరుగ ఉండె?"

ఆమె తలుపు మీద చెయ్యి పెట్టింది.

"పిలిచినప్పుడు వస్తె నువ్వే చూద్దువు" అని తలుపు దగ్గరికేసింది.