ఎల్లమ్మ చెప్పిన ఉప్పు

జహీరాబాద్ బస్టాండు ఎదుట జబ్బార్ మిర్చీ బండి దగ్గర నిలబడితే సాయంత్రమంతా కలలో గడిచినట్టుండేది నాకు. సన్నటి వాన. కాగిన నూనెలో వాము వాసన. ఆ పొగలోంచి చూస్తే బొంబాయి లారీలు కూడా మెల్లగా తేలిపోతున్నట్టు కనిపించేవి. వేడి వేడి మిర్చీ, పక్కన పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు. నాలుక చుర్రుమని, కళ్లలో నీళ్లు తిరిగి, లోకం మీద కోపమంతా పోయేది. నాకు కోపం ఎక్కువే. నా బడి పిల్లలను అడిగితే చెబుతారు.

జబ్బార్‌కు పేరు వచ్చింది ఉప్పుతోనే. దొడ్డుప్పు నీళ్లలో కరిగించి పిండిలో పోసేవాడు. వానాకాలం ఉప్పు చెమ్మగిల్లి రోజుకొక తీరుగా ఉండేది. అందుకని పిండి నాలుక మీద వేసుకోనిదే మిర్చీ ముంచడు. మరి రంజాన్ నెలలో? రోజా ఉన్నవాడు పొద్దుగూకేదాకా నోట్లో నీటిచుక్క వేసుకోడు. అప్పుడు బండి పక్కన పచ్చిమిరపకాయలు అమ్మే ఎల్లమ్మ రుచి చూసి చెప్పేది. మొగుడంపల్లి నుంచి గంపతో బస్సు దిగే ముసలమ్మ. పిండి వేలితో నాకి, కళ్లు మూసుకుని, తీర్పు చెప్పబోతున్నట్టు కాసేపు ఆగేది. ఆమెను అడిగి పని చేసేవాడు ఈ లోకంలో జబ్బార్ ఒక్కడే. పదేళ్లుగా అదే తంతు.

పంతొమ్మిది వందల ఎనభైలో ఆమెకు విషజ్వరం వచ్చి నెలపాటు దవాఖానాలో ఉంది. రంజాన్ మొదటి రోజున మళ్లీ వచ్చింది. పిండి చూసి, "సరిపోయింది, వెయ్యి," అంది. అజాన్ అయ్యాక ఖర్జూరం తిని, మిర్చీ కొరికిన జబ్బార్ ముఖం మారిపోయింది. ఒట్టి ఉప్పు. జ్వరంతో ఎల్లమ్మకు రుచి పోయిందని అతనికి అర్థమైంది.

"ఆమెకు చెప్పెయ్యరాదూ," అన్నాను మర్నాడు.

"ఎట్ల చెప్పాలె సార్? గా ఒక్క మాట చెప్పనీకే ఇంత దూరం వస్తది. మిరపకాయలు వాళ్ల ఊర్ల గూడ అమ్ముడుపోతయి."

నాకు సిగ్గేసింది.

ఆ రోజు నుంచి ఆమె బస్సు రాకముందే చాయ్ హోటల్ నర్సప్పకు పిండి రుచి చూపించి ఉప్పు సరిచేసుకునేవాడు. ఆమె వచ్చాక ఏమీ ఎరగనట్టు గిన్నె ముందుకు జరిపేవాడు. ఆమె "సరిపోయింది" అనేది. రెండు వారాలు బాగానే గడిచాయి.

ఒక శుక్రవారం మాత్రం ఎల్లమ్మ కళ్లు తెరిచి, "జర తక్కువైంది," అంది.

బండి చుట్టూ పదిమంది ఉన్నారు. నర్సప్ప హోటల్ గడపలోంచి వద్దని తల ఊపాడు. జబ్బార్ ఉప్పునీళ్ల చెంబు పట్టుకుని నిలబడిపోయాడు. ఆ చేతికున్న పేరుతోనే అతని ఇల్లు గడుస్తుంది. తర్వాత చెంబు వంచాడు.

మేం తిన్నాం. ఊరివాళ్లందరికీ సంగతి తెలుసు. బీదర్ బస్సు డ్రైవర్ ఒక్కడు కొరికి, మొహం చిట్లించి, ఏదో అనబోయాడు. బడి పిల్లాడిని చూసినట్టు గుడ్లురిమి చూశాను. నోరు మూసుకుని తిన్నాడు. నేను నాలుగు తిని, ఇంకో రెండు అడిగాను. నర్సప్ప ఎవరూ అడగకుండానే నీళ్లు తెచ్చి పోశాడు.

ఎల్లమ్మ మా ముఖాలు ఒక్కొక్కటే చూసి తృప్తిగా నవ్వింది.

"నేను లేకుంటే నీ బండి ఏమైతుండెనో," అంది.

"నిజమే అక్కా," అన్నాడు జబ్బార్. "రేపు గూడ జల్ది రా."