వరసలో వదిలిన చోటు

2023 చివర్లో, అరకులో వలిసె పూలు విరగబూసిన రోజులవి. బస్టాండు దగ్గరున్న మా ఎడిటింగ్ స్టూడియోకి అదే పంటకాలం. పెళ్ళి వీడియోలు, చర్చివాళ్ళ క్రిస్మస్ పాటలు, టూరిస్టుల రీల్స్ అన్నీ ఒక్కసారే మీద పడతాయి. సగానికి పైగా వాటిలో ఉండేది ఒకటే: పసుపుపచ్చటి పూలచేలో చేతులు చాపి గిర్రున తిరిగే మనుషులు. తిరిగేది వాళ్ళు, కళ్ళు తిరిగేది నాకు. ఆ షాటు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పుడే పెదబయలు వైపు నుంచి లిల్లీ అనే అమ్మాయి హార్డ్‌డిస్కు పట్టుకుని వచ్చింది. తనే రాసి, తనే పాడిన పాప్ పాట. కింద మా మన్యం ఆట థింసా డప్పు, పైన కంప్యూటర్ బీటు. స్నేహితులతో కలిసి వీడియో కూడా తనే తీసింది. షాట్లు వరసగా పేర్చుకుంది గానీ, చివరి మెరుగులు, కలర్ గ్రేడింగ్ నేను చెయ్యాలి. కలర్ గ్రేడింగ్ అంటే, ఒక్కో షాటులో ఒక్కోలా పడ్డ వెలుగునూ రంగునూ ఒక దారికి తేవడం.

"బేగి సేసియ్యన్నా. మాయమ్మ సూడాల," అంది.

"మీ యమ్మకంత తొందరేటే?" అన్నాను నవ్వుతూ.

ఆ అమ్మాయి నవ్వలేదు. వాళ్ళ ఊళ్ళో థింసా అంటే తల్లి సుక్రమ్మేనట. ఏడాది కిందట పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. అప్పట్నుంచి వీధిలో డప్పు వినబడితే చాలు, తలుపు వేయించుకుని గోడవైపు తిరిగి పడుకుంటోంది.

"ఆవిడి కోసరమే సేసినానన్నా. ఆవిడి సూత్తేనే బయటికొదుల్తాను. సూడనంటే డిస్కులోనే ఉండిపోద్ది."

సరేనని పని మొదలుపెట్టాను. మొదటి షాటుకే నా నోరు ఊరుకోలేదు. కెమెరా మరీ కిందికి ఉంది. ఆడేవాళ్ళ కాళ్ళు, డప్పులవాళ్ళ నడుములు తప్ప తలలు కనబడవు. ఫ్రేము అంచున మసకగా, గోధుమరంగులో ఒక అడ్డుపట్టీ. ప్రతి షాటులోనూ అదే పట్టీ! దాన్ని క్రాప్ చేస్తే, అంటే ఫ్రేమును ఆ మేరకు కత్తిరిస్తే, పీడా పోతుందనుకున్నాను.

అంతకన్నా పెద్ద చిక్కు ఆడేవాళ్ళ వరసలో ఉంది. థింసాలో ఆడవాళ్ళు ఒకరి నడుం వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని గొలుసులా కదులుతారు. మధ్యలో ఎవరైనా తప్పుకుంటే, పక్కవాళ్ళు అడుగు తప్పకుండానే జరిగి ఆ ఖాళీ పూడ్చేస్తారు. మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. లిల్లీ వీడియోలో మాత్రం ముందు నుంచి రెండో మనిషి చోటు ఖాళీ. అటూ ఇటూ ఉన్న ఇద్దరి చేతులు గాలిలోనే, నడుం చుట్టినట్టు వంగి ఉన్నాయి.

"ఇదేటమ్మా, మనిసి సాలనేదా? కాస్త జూమ్ సేసి ఈ సందు కప్పేత్తాను."

లిల్లీ నా చేతిలో మౌస్ లాగేసుకున్నంత పని చేసింది. "కప్పకన్నా! ఆ సోటు మాయమ్మది. కావాలనే ఒగ్గేసినాం. ఒకపాలి మొదట్నించీ సూడు."

ఈసారి సౌండు పెంచి, చేతులు కట్టుకుని చూశాను. కెమెరా ఎత్తు అరుగు మీద కూర్చున్న మనిషి కళ్ళ ఎత్తు. మసక పట్టీ ఆ మనిషి ఆనుకున్న గుంజ. పాప్ పాట అనగానే మేం బీటు బీటుకీ కట్ వేస్తాం. ఈ అమ్మాయి డప్పు జోరెక్కినప్పుడు కట్ వెయ్యకుండా అలాగే వదిలేసింది, కూర్చున్న మనిషి కళ్ళప్పగించి చూస్తున్నట్టు. డప్పు ఆగిన చోటే కట్.

చివరి చరణంలో కెమెరా మెల్లగా పైకి లేస్తుంది. గుంజ మొదటిసారి ఫ్రేములోంచి తప్పుకుంటుంది. కెమెరా అరుగు దిగి, వీధిలోకి నడిచి, ఆ ఖాళీలోకి వెళ్ళి నిలబడుతుంది. ఇటు నుంచొక చెయ్యి, అటు నుంచొక చెయ్యి వచ్చి కెమెరా వెనక పెనవేసుకుంటాయి. అప్పుడు గాని ముఖాలు కనబడవు. అందరూ మనవైపే చూసి నవ్వుతారు.

ఇన్నేళ్ళ పనిలో అంత తెలివైన షాటు నా ఎడిటింగ్ టేబుల్ మీదికి రాలేదు. అబ్బ, ఏం గుంట, ఈ పిల్ల! మాటల్లో తల్లి పేరు లేదు, కన్నీళ్ళ క్లోజప్ లేదు. చూసేవాడినే తీసుకెళ్ళి ఆ తల్లి కళ్ళ వెనక కూర్చోబెట్టింది. రంగులు కూడా పెద్దగా ముట్టుకోలేదు, అరుగు నీడను అలాగే ఉంచేశాను.

విశాఖపట్నంలో పాటలు తీసుకునే ఒక ఛానలతనికి, వాళ్ళమ్మ చూశాకే బయటికి వదలాలన్న మాట మీద లిల్లీ పంపితే, మొదట్లోనే డ్రోన్‌తో పూలచేలు చూపిస్తేనే తీసుకుంటానన్నాడు. "పూలు కావాలంటే కొట్టుకెళ్ళి కొనుక్కోమను," అన్నాను. లిల్లీ అప్పుడు నవ్వింది.

ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. సుక్రమ్మ మంచం మీద ఉంది. పక్కన ఆమె ఆడపడుచు చిన్నమ్మి కూర్చుంది. వీడియోలో ఆ ఖాళీకి ఇవతల ఆడింది ఆమే. డప్పు మొదలవగానే సుక్రమ్మ ముఖం తిప్పేసుకుంది.

"ఆపేయండి. నాకొద్దు."

లిల్లీ బిగుసుకుపోయింది. నా చెయ్యి వీడియో ఆపడానికి వెళ్ళింది కూడా. అంతలో సుక్రమ్మ ఓరకంటితో తెర అంచువైపు చూసింది.

"మన గుంజ కాదేటిది?"

నేను కత్తిరించేద్దామనుకున్న గుంజ! ఆ తర్వాత ఆమె కళ్ళు తెర మీది నుంచి కదల్లేదు. వరస దగ్గరికొచ్చింది. ఆమె ఆ ఖాళీని చూసింది, మళ్ళీ చూసింది.

"నా సోటు ఎవుళికీ ఇవ్వనేదేటే, సిన్నమ్మీ?"

"ఎలగిత్తాం ఒదినా? నువ్వున్నావు కదేటి."

సుక్రమ్మ బాగున్న చెయ్యి మెల్లగా చాపి, చిన్నమ్మి నడుం వెనక నుంచి తీసుకెళ్ళి గట్టిగా పట్టుకుంది. పాట అయ్యేదాకా వదల్లేదు. అయ్యాక కూతురితో, "ఒలే, డప్పులోళ్ళని రమ్మను. నన్ను అరుగు మీద కూకోబెట్టు," అంది. లిల్లీ భోరున ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు?

ఆ పాట లిల్లీ తన సొంత ఛానల్లోనే పెట్టుకుంది. నేను ఇప్పటికీ పూలచేలో తిరిగేవాళ్ళను కట్ చేస్తూనే ఉన్నాను, విసుక్కుంటూనే ఉన్నాను. కానీ ఏ షాటులోనైనా ఏదైనా అడ్డుగా కనబడితే, కత్తెర వెయ్యడానికి ముందు తీసినవాళ్ళను అడుగుతాను: ఇక్కడ ఎవరు కూర్చుని చూస్తున్నారు?